మంచు వెలిసిన మరునాడు: హిమాలయపు కనుమలు నేర్పిన పాఠము

తెలుగున ‘మంచు’ అను మాట పెద్ద సంసారము గలది. ధనుర్మాసపు వేకువను ఊరిని కప్పు పొగవంటిదియు మంచే. గరికపోచపై నిలుచు బిందువును మంచే. ఆకసమునుండి దూదివలె రాలునదియు మంచే. కొండకొనపై రాయివలె గట్టిపడినదియు మంచే. కృష్ణా గోదావరీ తుంగభద్రల ఒడ్డున పుట్టిన మనకు ఇంతకు మించి వేరు మాటలతో పని పడలేదు. అయితే ఉద్యోగధర్మమున మనవారు శ్రీనగరము, లేహ్, మనాలీ, జోషీమఠ్, గాంగ్‌టక్ మొదలగు చోట్లకు పోయి ఏండ్ల తరబడి కాపురములు చేయుచున్నారు. సైన్యమునందును, సరిహద్దు రహదారుల పనియందును, వాతావరణ శాఖయందును తెలుగువారు కలరు. సెలవులలో కుటుంబసమేతముగా మంచు చూడబోవు వారి సంఖ్యకు లెక్కయే లేదు. అక్కడి కొండజాతుల వారికి మంచు ఒక్కటి కాదు. నిన్న పడినది వేరు, గాలి మోసికొనివచ్చినది వేరు, ఎండకు కరగి రాత్రికి మరల బిగిసినది వేరు. ఈ భేదము తెలియుట అక్కడ పాండిత్యము కాదు, ప్రాణముల మీది మాట.

కోస్తా జిల్లాలలో తుఫాను వచ్చినప్పుడు పెద్దలు ఒక మాట చెప్పుదురు. గాలి ఒక్కసారిగా ఆగినంత మాత్రమున తలుపు తీయరాదు. తుఫాను కన్ను దాటిన పిమ్మట గాలి ఎదురు దిక్కునుండి మరల లేచును. హిమాలయములలోని వసంతకాలపు మంచుతుఫానునకు ఈ హెచ్చరిక ఇంకను గట్టిగా వర్తించును. రెండు మూడు దినములు ఎడతెగక మంచు కురిసి, మబ్బు విచ్చి, ఆకసము నీలముగా మెరసి, ఎండ కాయు మరునాడు చూచువారికి పండుగవలె నుండును. అపాయము మిక్కుటమగు దినమును అదియే. ఈ సత్యమును కనుమలు దాటినవారు ఎట్లు తెలిసికొనిరో, తెలిసిన పిమ్మటను మనుష్యులు దానిని ఎట్లు మరచుచుండిరో చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా మంచు నడవడిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. శీతకాలమందు మధ్యధరా సముద్రపు దిక్కునుండి వచ్చు పశ్చిమపు వాతావరణ అలజడులు హిమాలయములను తాకి మంచు కురిపించును. ఒక్కొక్క అలజడి ఒక్కొక్క పొరను పరచి పోవును. మార్గశీరము మొదలు చైత్రము వరకు ఇట్లు పొరమీద పొర చేరి, పుస్తకములో పుటలవలె పేరుకొనును. అన్ని పుటలును ఒకే గట్టిదనము గలవి కావు. చలి ఎక్కువై మంచు లోతు తక్కువగా నున్న దినములలో నేలవైపు పొర చక్కెర పలుకులవలె విడివిడి రేణువులుగా మారును. పైపొరపై తెల్లవారుజామున పేరుకొను నూగుమంచు, తరువాతి మంచు క్రింద కప్పబడి, జారుటకు సిద్ధముగా నుండును. ఇట్టి బలహీనపు పొరపై వసంతపు తుఫాను ఒక్క రాత్రిలో రెండు మూడు అడుగుల బరువైన మంచును పడవేసినచో, పైనున్నది పెద్ద పలకయై, క్రిందిది దానిని మోయలేక, ఆ వాలు అంతయు క్షణభంగురమగును. అప్పుడు ఒక మనుష్యుని అడుగు చాలును. పలక పిడుగువలె చిట్లును. క్షణములో వాలు వాలంతయు కదలిపోవును. దీనినే మనము మంచుచరియ అనుచున్నాము.

ఏ వాలైనను జారునా? జారదు. ముప్పది డిగ్రీలకు తక్కువ వాలు గల చోట మంచు సాధారణముగా నిలుచును. మిక్కిలి నిట్టనిలువు చోట మంచు పేరుకొనక ఎప్పటికప్పుడు రాలిపోవును. ముప్పదికిని నలుబది యైదుకును నడుమనున్న వాలులే పెక్కు చరియలకు పుట్టినిండ్లు. నడచుటకు అనువుగాను, కంటికి ఇంపుగాను కానవచ్చునవియు ఇవియే. గాలి ఒక చెంప మంచును ఊడ్చి మరియొక చెంప పోయును గనుక, గాలికి చాటుగా నున్న వాలులో మంచు చూపునకు తెలిసిన దానికన్న ఎన్నో రెట్లు ఎక్కువగా నుండవచ్చును. మంచు కురియుచున్నప్పుడును, కురిసి ఆగిన తరువాత ఒకటి రెండు దినముల వరకును పెక్కు చరియలు విరుగును. వసంతమున దీనికి ఎండ తోడగును. మధ్యాహ్నపు వేడికి కరగిన నీరు పొరల నడుమకు దిగి వాని పట్టును సడలించును. రాత్రి గడ్డకట్టి ఉదయమున రాయివలె నున్న వాలే మధ్యాహ్నమునకు నానిన గోడవలె నగును.

ఈ శాస్త్రము పుట్టకముందే కనుమల ప్రజలు దీని సారమును గ్రహించియుండిరి. కులూ లోయనుండి లాహుల్‌కు పోవు మార్గమున రోహ్‌తాంగ్ కనుమ కలదు. ఎత్తు సుమారు 13,050 అడుగులు. ఆ పేరునకు శవముల మైదానము అని అర్థము చెప్పుదురు. ఒక జాతి తాను నిత్యము దాటవలసిన దారికి ఇట్టి పేరు నిలుపుకొన్నదనిన, అది పిల్లలకు బోధించు పాఠమని తలచవలెను. కాశ్మీరమునుండి లదాఖ్‌కు పోవు జోజీలా ఎత్తున దీనికి తక్కువ, సుమారు 11,575 అడుగులు. భయమున తక్కువది కాదు. సోనామార్గ్ దాటిన పిమ్మట దారి ఇరుకైన లోయలో దూరి పైకి లేచును. రెండు ప్రక్కల వాలులును దానిమీదికే వంగియుండును. వసంతమున ఆ కనుమ దాటువారు రాత్రివేళ, మంచు బిగిసియుండగనే నడచి, ఎండ వాలుపై పడకమునుపే ఆవలికి చేరుట వాడుక. తుఫాను పట్టినచో దిగువ గ్రామమున ఆగుట తప్ప వేరు మార్గము లేదు. ఆగుట పిరికితనమని వారిలో నెవ్వరును తలచలేదు. వారి విద్య అంతయు ఆ ఆగుటయందే యున్నది.

బయటివారు ఈ విద్యను నేర్చుటకు చెల్లించిన వెల పెద్దది. 1922వ సంవత్సరమున ఆంగ్లేయులు ఎవరెస్టు శిఖరమును ఎక్కదలచి టిబెట్టు దిక్కునుండి యత్నించిరి. రెండు యత్నములు విఫలమైన పిమ్మట, వర్షకాలము ముంచుకొనివచ్చుచుండగా, జూన్ మొదటి వారమున మూడవ యత్నమునకు పూనిరి. వారు పైకి సాగుచుండగనే మంచు విరివిగా కురిసెను. తుఫాను వెలిసెను, ఎండ కాసెను. జూన్ 7వ తేదీన జార్జి మల్లరీ, హోవర్డ్ సోమర్‌వెల్, కాలిన్ క్రాఫోర్డ్ అను మువ్వురును పదునలుగురు కూలీలతో నార్త్ కోల్ అను మంచుకనుమ క్రింది వాలును ఎక్కిరి. వారు అజ్ఞానులు కారు. వాలుపై అడుగులు వేసి పరీక్షించిరి. మంచు నిలిచినట్లే తోచెను. నాలుగు త్రాళ్ళకు కట్టుకొని వరుసగా నడచుచుండగా, మధ్యాహ్నము దాటిన కొలదిసేపటికి, పిడుగు పడినట్టి చప్పుడు వినవచ్చెను. వాలు కదిలెను. ముందున్న తెల్లవారు మంచులో కూరుకొనియు బయటపడిరి. వారి వెనుకటి త్రాటివారును బ్రతికిరి. చివరి రెండు త్రాళ్ళలోని తొమ్మండుగురు మంచుగోడ మీదినుండి క్రింది పగులులోనికి త్రోయబడిరి. ఇరువురు సజీవులుగా దొరికిరి. ఏడుగురు మరణించిరి. ఎవరెస్టు యాత్రల చరిత్రలో కొండపై నమోదైన మొదటి మరణములు ఇవియే.

మరణించిన ఏడుగురును హిమాలయవాసులే. శిఖరకీర్తి వారి కోరిక కాదు. కూలికి బరువులు మోయుటకు వచ్చినవారు. నడుపువాడు తప్పుగా లెక్కించినచో వెనుక నడచువాడు వెల చెల్లించుట ఎట్లుండునో ఆ దినము లోకమునకు తెలిసినది. మల్లరీ ఆ భారమును తన తలపైననే వేసికొని మిత్రులకు లేఖలు వ్రాసెను. సోమర్‌వెల్ వైద్యుడు, తరువాత మన దక్షిణదేశమునకే వచ్చి, తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరు ఆసుపత్రిలో చిరకాలము రోగులకు సేవచేసెను. ఒక్క వాలును మరికొన్ని దినములు విడిచియుంచినచో ఆ ఏడుగురు తమ ఇండ్లకు చేరియుందురేమో. కాని వర్షకాలము తరుముచున్నది, ధనము వ్యయమైనది, లండనులో జనులు వార్తకై కాచియున్నారు. మంచునకు ఈ గడువులతో సంబంధము లేదు.

దీనికి ప్రతిగా మన దేశ చరిత్రలోని మరియొక ఘట్టమును తలపవలెను. 1948వ సంవత్సరపు శీతకాలమున లేహ్ పట్టణమునకు శత్రుభయము కలిగెను. అక్కడ సైన్యము స్వల్పము; జోజీలా మంచుతో మూసికొనిపోయెను. ఆ కాలమున దానిని దాటి సహాయము తీసికొనిపోవుట అసాధ్యమని పలువురు తలచిరి. అప్పుడు డోగ్రా దళమునకు చెందిన పృథీచంద్, ఖుశాల్‌చంద్ అను అధికారులు స్వచ్ఛందముగా ముందునకు వచ్చిరి. వారు లాహుల్ వాస్తవ్యులు. మంచుకనుమల నడుమ పుట్టి పెరిగినవారు. సుమారు నలుబది మంది స్వచ్ఛంద సైనికులతో, తుపాకులను మందుగుండును మోయించుకొని ఫిబ్రవరిలో శ్రీనగరమును వీడి, నడిశీతకాలమున జోజీలాను దాటి, మార్చి 8న లేహ్ చేరిరి. స్థానికులకు ఆయుధశిక్షణ నిచ్చి ఆ పట్టణమును నిలబెట్టిరి. ఇరువురకును తరువాత మహావీరచక్రము లభించెను. ఆ ఏటనే నవంబరు 1న జనరల్ తిమ్మయ్య ఆధ్వర్యమున తేలికపాటి ట్యాంకులు అదే కనుమ నెక్కి శత్రువును తరిమిన సంగతి పాఠ్యపుస్తకములలో కలదు. ట్యాంకుల కథ ప్రసిద్ధము. వానికి ఎనిమిది నెలల ముందు కాలినడకను ఆ మంచును దాటినవారి కథ అంతకు తక్కువది కాదు. ధైర్యము ఎవరెస్టు నెక్కబోయిన వారికిని కలదు. మంచుతో పుట్టుపరిచయము గల ధైర్యము వేరు.

స్వాతంత్ర్యానంతరము కనుమల స్వరూపమే మారినది. 1956లో బనిహాల్ క్రింద జవాహర్ సొరంగము తెరువబడినది. 1960 మే 7వ తేదీన సరిహద్దు రహదారుల సంస్థ ఏర్పడినది. కాలిబాటలుండిన చోట మోటారు దారులు వచ్చెను. వేల కూలీలు, ఇంజనీర్లు, డ్రైవర్లు కనుమలపై పనిచేయసాగిరి. ఇక్కడనే ఒక కొత్త చిక్కు పుట్టినది. పూర్వపు బాటసారి ఆగగలడు, రహదారి ఆగజాలదు. ఆవల సైన్యమునకు ఆహారము పోవలెను. ఊళ్ళకు ఉప్పు, కిరోసిను, మందులు చేరవలెను. కావున ఏటేట శీతకాలపు కడపటి దినములలో మంచు త్రవ్వి దారి తెరచు పని మొదలగును. ఆ పని సాగు మాసములే వసంతపు తుఫానుల మాసములు. ఎండకు వాలులు సడలు కాలముననే, వాలుల పాదమున యంత్రములతో మనుష్యులు నిలువవలసివచ్చును. మనము బల్లల యొద్ద కూర్చుండి ‘దారి ఎప్పుడు తెరచెదరు?’ అని వ్రాయు ప్రతి కాగితము వెనుకను ఆ మనుష్యులు కలరు.

ఈ చిక్కునకు పరిష్కారముగా 1969లో మనాలీలో హిమము, మంచుచరియల అధ్యయన సంస్థ నెలకొల్పబడినది. రక్షణ పరిశోధనా శాఖకు చెందిన ఈ సంస్థ కనుమలపై పరిశీలన కేంద్రములను ఏర్పరచి, మంచు లోతును, గాలి వేగమును, వేడిమిని దినదినము కొలిపించినది. మంచులో గోయి త్రవ్వి పొరలను ఒక్కొక్కటిగా పరీక్షించుట, చరియలు తరచుగ దిగు త్రోవలను పటములపై గుర్తించుట, వాలులపై ఇనుప కంచెలు నిలిపి మంచును పట్టియుంచుట, ప్రేలుడు పదార్థములతో అపాయపు మంచును మనుష్యులు లేని వేళ పడగొట్టుట దీని పనులు. స్విట్జర్లాండు దేశస్థులు దావోస్ పట్టణము దాపున 1936 నుండి సాగించిన పరిశోధన ఇట్టి ప్రయత్నములకు ప్రపంచమున మార్గదర్శకమైనది. మన సంస్థ 2020లో మరియొక ప్రయోగశాలతో కలసి, రక్షణ భూసమాచార పరిశోధన సంస్థగా చండీగఢ్ కేంద్రముగా పనిచేయుచున్నది. కురిసిన మంచును చూచి, రానున్న దినము అపాయము ఎంతటిదో ముందుగా ప్రకటించుట దీని ముఖ్యకార్యము.

శాస్త్రము ఎదుగుచున్నను కొండ తన పన్ను వసూలు చేయుచునే యున్నది. 1979 మార్చి మాసమున లాహుల్ లోయలో మంచు ఎడతెగక కురిసి చరియలు గ్రామములపై పడగా రెండు వందలకు పైగా జనులు మరణించిరి. తరతరములుగా సురక్షితమని కాపురమున్న చోట్లను కూడ అట్టి మంచు వదలదు. 2023 ఏప్రిల్ 4న సిక్కిములో గాంగ్‌టక్ నుండి నాథూలాకు పోవు దారిపై చరియ పడి ఏడుగురు యాత్రికులు మరణించిరి. వారు చెట్టు చేమ చూచి ఆనందింప పోయినవారే గాని పర్వతారోహకులు కారు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పైని మాణా గ్రామము దాపున రహదారి కార్మికుల శిబిరముపై చరియ విరుచుకొనిపడినది. ఏబదినలుగురు చిక్కుకొనిరి, నలుబదియార్గురిని రక్షించిరి, ఎనమండుగురు మరణించిరి. ఆ ప్రాంతమున చరియలు పడవచ్చునని ముందటి సాయంకాలమే హెచ్చరిక వెలువడియుండెను. హెచ్చరిక పుట్టుటకును, అది మంచు క్రింద నిద్రించు కూలివాని పడక యొద్దకు చేరి అతనిని లేపి దిగువకు తీసికొనిపోవుటకును నడుమ ఎంత దూరమున్నదో ఈ ఒక్క ఉదంతము చెప్పుచున్నది. శాస్త్రజ్ఞుల పని మొదటిదానితో ముగియును. రెండవది పరిపాలకుల పని.

తెలుగునేలకును ఈ దుఃఖములో పాలు లేకపోలేదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదముపై 19,600 అడుగుల ఎత్తున నున్న కావలి స్థానముపై మంచు కూలగా, మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది సైనికులు దాని క్రింద పడిరి. వారిలో ఒకరు కర్నూలు జిల్లావాసి. ఎండకు పేరుపడిన సీమనుండి మంచునకు కావలి కాయబోయి తిరిగిరాని ఆ బిడ్డ కథ మన సమాజము మరువదగినది కాదు.

పూడుకొనినవానికి మిగులు కాలము మిక్కిలి స్వల్పము. మొదటి పది నిమిషములలో వెలికి తీసినవారిలో పదింట తొమ్మండుగురు బ్రతుకుదురు. అరగంట దాటినచో మూడింట ఇరువంతుల మంది దక్కరు. చరియ ఆగిన వెంటనే మంచు గచ్చువలె బిగియును. లోపలివాడు వ్రేలు కదల్పజాలడు. దూరమునుండి వచ్చు రక్షకదళమునకై కాచుటకు వ్యవధి లేదు, ప్రక్కనున్నవాడే రక్షకుడు. కావుననే అనుభవజ్ఞులు అట్టి వాలును ఒక్కొక్కరుగా, దూరదూరముగా దాటుదురు. మంచు త్రవ్వు పారను, పూడినవాని జాడ తెలుపు చిన్న రేడియో పరికరమును ప్రతివారును వెంట నుంచుకొందురు.

హిమాలయ సీమలలో పనిచేయు, విహరింపబోవు మన కుటుంబములకు ఈ చరిత్ర నుండి దొరకు సూత్రములు కొద్దివే. మంచుతుఫాను వెలిసిన పిమ్మట రెండు దినములైనను వాలుల జోలికి పోరాదు. గాలి మంచును పేర్చిన చాటువాలులను అసలే నమ్మరాదు. వసంతమున ప్రయాణము తెల్లవారక ముందు మొదలై మధ్యాహ్నమునకు లోపల ముగియవలెను. ప్రక్కవాలుపై నిన్నటి కొత్త చరియ కానవచ్చినచో, కాలి క్రింద మంచు ‘హుమ్మని’ క్రుంగినచో, పగుళ్ళు పారినచో కొండ నోరు తెరచి చెప్పినట్లే యని తెలిసి మరలవలెను. వాహనములను ఆపవలదని కావలివారు చెప్పిన చోట, ఛాయాచిత్రము కొరకైనను దిగరాదు. ‘నిన్న నలుగురు పోయిరి, ఏమియు కాలేదు’ అను మాటను ఋజువుగా తీసికొనరాదు. ఐదవవాని బరువునకు విరుగు వాలులును కలవు.

2020 అక్టోబరు 3న రోహ్‌తాంగ్ క్రింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము ప్రారంభమైనది. శవముల మైదానమని పేరుపడిన కనుమను దాటకయే నేడు లాహుల్ ప్రజలు శీతకాలమందును కులూ చేరుచున్నారు. ఇది గొప్ప ఉపకారము, సందేహము లేదు. అయినను సొరంగమునకు ఈవలను ఆవలను దారిపై వాలులు అట్లే యున్నవి, వసంతమును అట్లే వచ్చుచున్నది. రాతిని తొలచుట మన చేతిలోని పని. మంచు కుదురుకొనుటకు పట్టు కాలమును తగ్గించు యంత్రము నింతవరకు ఎవరును చేయలేదు. 1922లో ఏడుగురు బరువులు మోయువారు చెల్లించిన వెలకు లోకము కొనుక్కొన్న జ్ఞానము ఇంతే: ఆకసము తేటపడినంత మాత్రమున కొండ సిద్ధపడలేదు. ఆ జ్ఞానము లాహుల్ బాటసారికి ముందే కలదు. గడువులు వ్రాయు అధికారమున్నవారు దానిని తమ దస్త్రములలోనికి కూడ ఎక్కించుకొన్న నాడు, మాణా శిబిరమువంటి శిబిరములలోని కార్మికుడు హెచ్చరిక వచ్చిన రాత్రియే దిగువ గ్రామమున నిద్రించును. రెండు దినములు ఆలస్యముగా తెరచిన దారిపై తన కాళ్ళతో తానే ఇంటికి నడచిపోవును.